ఓడ స్టెబిలిటీ, నీళ్ల డెన్సిటీ: మనోళ్లు మళ్లీ మళ్లీ అడిగే డౌట్లు

హనుమకొండ, జమ్మికుంట, పెద్దపల్లి, మంచిర్యాల దిక్కు నుంచి మర్చంట్ నేవీకి పోయే పిల్లలు ఏటేటా పెరుగుతున్నరు, డౌట్లు మాత్రం అందరివీ అవే. ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పుకుంట పోతే ఒడిసేటట్టు లేదు, అందుకే ఒక్క తాన రాసి పెడుతున్న. ఏ ప్రశ్న కావాలంటే దానికి నేరుగ పోండి, పైది చదవకున్నా కిందిది అర్థమైతది. ముందే ఒక్క మాట: ఈ సబ్జెక్టుల తప్పులు జరిగేది చానా మటుకు ఫార్ములా రాక కాదు, నీళ్లు మారినప్పుడు ఏది మారుతది, ఏది మారదు అన్నది రాసుకోక.

## పుస్తకం తెరవకముందు

అన్నా, నేను సముద్రమే చూడలే, ఇంటర్ ఎంపీసీ తోని ఈ లెక్కలు వస్తయా?

వస్తయి. ఆర్కిమెడిస్ సూత్రం, మొమెంట్లు, ఇంత ట్రిగనామెట్రీ, గంతే. సింప్సన్ రూల్ ఒక్కటి కొత్తగ కనపడుతది, అది కూడా కూడికలు గుణకారాలే. డీఎన్ఎస్ (డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్)ల చేరినా, బీఎస్సీ నాటికల్ సైన్స్‌ల చేరినా ఇవి మొదటి నుంచే చెప్తరు. వైజాగ్ పిల్లలు ఓడలు చూసుకుంట పెరిగినోళ్లు కాబట్టి వాళ్లకు పేర్లు ముందే తెలుస్తయి, లెక్కలు మాత్రం వాళ్లకూ మనకూ ఒక్కటే.

ఇనుప మేకు మునుగుతది, అంత పెద్ద ఇనుప ఓడ ఎట్ల తేలుతది?

పాలంపేట రామప్ప గుడి శిఖరంల వాడిన ఇటుకలు నీళ్లల తేలుతయని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు కదా. ఆ ఇటుక నిండా సన్నటి రంధ్రాలు, అందుకే సైజుకు తగ్గ బరువు ఉండదు. ఓడ లెక్క కూడా అట్లనే చూడాలె, ఇనుము ఒక్కటే కాదు, లోపలి ఖాళీ కూడా కలుపుకొని. ఓడ తన బరువుకు సమానమైన నీళ్లను పక్కకు నెట్టేదాకా మునుగుతది, ఆడ ఆగుతది.

అంకెలల్ల చూస్తే ఇంకా సాఫ్‌గ కనపడుతది. 100 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న పెట్టె లాంటి ఓడ సముద్రంల 6 మీటర్లు మునిగి ఉందనుకో. నీళ్ల కింద ఉన్న ఘనపరిమాణం 100 × 20 × 6 = 12,000 ఘన మీటర్లు. సముద్రపు నీళ్ల డెన్సిటీ 1.025, అంటే ఓడ మొత్తం బరువు 12,300 టన్నులు. ఈ బరువునే డిస్‌ప్లేస్‌మెంట్ అంటరు.

డిస్‌ప్లేస్‌మెంట్, డెడ్‌వెయిట్, గ్రాస్ టన్నేజ్ మూడూ టన్నులే కదా, ఏదైతే ఏంది?

మూడూ వేరువేరు. ఖాళీ ఓడ బరువు లైట్‌షిప్. దాని మీద మోసే సరుకు, ఆయిల్, తాగే నీళ్లు, బ్యాలస్ట్ (ఓడ నిలకడకు నింపే నీళ్లు), సామాన్లు, మనుషులు అన్నీ కలిపి డెడ్‌వెయిట్. ఈ రెండూ కూడితే డిస్‌ప్లేస్‌మెంట్. గ్రాస్ టన్నేజ్ అసలు బరువే కాదు, ఓడ లోపలి జాగను బట్టి 1969 టన్నేజ్ కన్వెన్షన్ ప్రకారం కట్టే అంకె, దానికి టన్ను అని యూనిట్ పెట్టొద్దు. స్టెబిలిటీ లెక్కల గ్రాస్ టన్నేజ్ తోని పనే లేదు.

## ఉప్పు నీళ్లు, మంచి నీళ్లు

సముద్రంల నుంచి నదిలకు వస్తే ఓడ ఎక్కువ మునుగుతది అంటరు, అంటే బరువు పెరిగినట్టా?

పెరగదు. చానా మంది జారేది ఇక్కడనే. ఓడల ఏమన్నా ఎక్కియ్యకుంటే, దించకుంటే డిస్‌ప్లేస్‌మెంట్ మారదు. మంచి నీళ్లు తేలిక, కాబట్టి అదే బరువును మోయాలంటే ఎక్కువ నీళ్లు నెట్టాలె, అందుకే ఓడ ఇంకొంచెం దిగుతది. సముద్రంల 12,300 టన్నుల బరువుతోని 6 మీటర్లు మునిగిన పెట్టె ఓడ మంచి నీళ్లల 12,300 ఘన మీటర్లు నెట్టాలె, అంటే 6.15 మీటర్లు మునుగుతది. బరువు అదే, డ్రాఫ్ట్ (ఓడ నీళ్లల మునిగిన లోతు) 15 సెంటీమీటర్లు పెరిగింది.

దీనికి ఉల్టా ప్రశ్న కూడా ఇస్తరు: డ్రాఫ్ట్ అదే ఉంది, నీళ్లు వేరే, బరువెంత అని. అప్పుడు ఘనపరిమాణం అదే ఉంటది, డిస్‌ప్లేస్‌మెంట్ డెన్సిటీ ప్రకారం మారుతది. ప్రశ్నల "సేమ్ డ్రాఫ్ట్" అన్నడా "సేమ్ డిస్‌ప్లేస్‌మెంట్" అన్నడా, ముందు దాని కింద గీత గీయాలె.

1.025 ఒక తాన, 1025 ఒక తాన, 25 ఇంకో తాన. ఏది ఎక్కడ వేయాలె?

1.025 అంటే ఒక ఘన మీటరు సముద్రపు నీళ్లకు 1.025 టన్నులు. 1025 అంటే అదే ఘన మీటరుకు 1025 కిలోలు. 25 అంటే ఉప్పు నీళ్లకూ మంచి నీళ్లకూ తేడా, 1025 లకెల్లి 1000 తీసేస్తే మిగిలేది. బరువు కట్టేటప్పుడు టన్నులు కావాలె కాబట్టి 1.025. డాక్ వాటర్ ఫార్ములల (కింద వస్తది) పైనా కిందా తేడాలే ఉంటయి కాబట్టి 1025, 25 వేస్తే పాయింట్ల గొడవ ఉండదు. పైన 1.025 వేసి కింద 25 వేసినవంటే జవాబు వెయ్యో వంతు అయి కూసుంటది.

ఫ్రెష్ వాటర్ అలవెన్స్ ఫార్ములల ఆ 4 ఎక్కడ నుంచి ఊడిపడ్డది?

ఫ్రెష్ వాటర్ అలవెన్స్ (ఎఫ్‌డబ్ల్యూఏ) అంటే సముద్రంల నుంచి మంచి నీళ్లలకు వస్తే డ్రాఫ్ట్ ఎంత పెరుగుతదో అది. ఫార్ములా ఇది: ఎఫ్‌డబ్ల్యూఏ = డిస్‌ప్లేస్‌మెంట్ ÷ (4 × టీపీసీ), జవాబు మిల్లీమీటర్లల. టీపీసీ అంటే ఓడను ఒక్క సెంటీమీటరు ముంచనీకి ఎన్ని టన్నులు కావాలె అన్నది, నీటి గీత దగ్గరి విస్తీర్ణాన్ని 1.025 తోని గుణించి 100 తోని భాగిస్తే వస్తది.

ఇప్పుడు సముద్రంల ఉన్న ఓడను మంచి నీళ్లలకు తెచ్చినవ్. అదనంగ నెట్టాల్సిన నీళ్లు = డిస్‌ప్లేస్‌మెంట్ × 0.025 ÷ 1.025. దాన్ని నీటి గీత విస్తీర్ణంతోని భాగిస్తే ఎంత దిగుతదో వస్తది. ఆ విస్తీర్ణం 100 × టీపీసీ ÷ 1.025. రెండు 1.025లు ఒకదానికొకటి కొట్టుకపోతయి, మిగిలేది డిస్‌ప్లేస్‌మెంట్ × 0.025 ÷ (100 × టీపీసీ) మీటర్లు. 0.025 ను 100 తోని భాగిస్తే నాలుగు వేలల ఒక వంతు, మీటర్లను మిల్లీమీటర్లు చేస్తే ఆ వెయ్యి పోయి 4 మిగులుతది. ఒక్కసారి కాయితం మీద నువ్వే చేసి చూడు, మళ్ల బట్టీ కొట్టే పని పడదు. సమ్మర్ డ్రాఫ్ట్ (ఓడ పక్కకు గీసిన సమ్మర్ గీత దాకా మునిగిన లోతు) దగ్గరి డిస్‌ప్లేస్‌మెంట్, టీపీసీలే ఇందుల వేయాలె, వేరే డ్రాఫ్ట్‌వి కాదు.

డాక్ నీళ్లు అటు ఉప్పూ కాదు ఇటు సప్పా కాదు, అప్పుడు ఎంత వరకు లోడ్ చేయొచ్చు?

ఒక ఓడ సమ్మర్ డిస్‌ప్లేస్‌మెంట్ 40,000 టన్నులు, టీపీసీ 50 అనుకో. ఎఫ్‌డబ్ల్యూఏ 40,000 ÷ 200 = 200 మిల్లీమీటర్లు. డాక్ నీళ్ల డెన్సిటీ 1.010 వచ్చింది. డాక్ వాటర్ అలవెన్స్ = 200 × (1025 − 1010) ÷ 25 = 120 మిల్లీమీటర్లు. అంటే డాక్‌ల సమ్మర్ గీత 12 సెంటీమీటర్లు నీళ్లల మునిగేదాకా లోడ్ చేయొచ్చు, సముద్రంలకు పోయినంక ఓడ లేచి గీత నీటి మట్టానికి వస్తది.

గీత ఇప్పుడు సరిగ్గ నీటి మట్టం మీద ఉంటే ఇంకా ఎన్ని టన్నులు ఎక్కుతయి? 12 × 50 = 600 అని రాసి వచ్చేస్తరు. డాక్ నీళ్లల టీపీసీ కూడా తగ్గుతది: 50 × 1.010 ÷ 1.025 = 49.27. కాబట్టి 591 టన్నులు. ఆ 9 టన్నులు పరీక్షల మార్కులు, ఓడ మీద ఓవర్‌లోడ్.

ఇంకోటి, ఈ డాక్ వాటర్ ఫార్ములా కొంచెం ఉజ్జాయింపుది, గట్టిగ కడితే 120 కి బదులు 118.8 వస్తది. ఫార్ములా జవాబునే పరీక్షల ఒప్పుకుంటరు.

నదిల నుంచి సముద్రం దాకా పోయేటప్పుడు కాలే ఆయిల్ లెక్కల పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు. 1966 లోడ్ లైన్స్ కన్వెన్షనే ఆ సౌలత్ ఇచ్చింది: నది మీదనో లోతట్టు నీళ్ల మీదనో ఉన్న పోర్టు నుంచి బయల్దేరితే, అక్కడి నుంచి సముద్రం దాకా ఖర్చయ్యే ఇంధనం, మిగతా సామాన్ల బరువంత ఎక్కువ లోడ్ చేసుకోవచ్చు. కోల్‌కతా లాంటి తాన, హుగ్లీ మీద గంటలకు గంటలు పోవాల్సిన జాగల ఇది పనికొస్తది. డెన్సిటీ అలవెన్స్ వేరు, ఇది వేరు, రెండూ విడివిడిగ కట్టి కలపాలె.

హైడ్రోమీటర్ (నీళ్ల డెన్సిటీ కొలిచే పరికరం) రీడింగ్ ఒక్కొక్కరికి ఒక్కో తీరు వస్తది, ఎట్ల తీయాలె?

రీడింగ్ కన్నా శాంపిల్ దగ్గరనే ఎక్కువ తప్పు జరుగుతది. బకెట్ పైన పైన ముంచి తెచ్చినవంటే పైపొర నీళ్లే వస్తయి. నది మూతి దగ్గర మంచి నీళ్లు తేలిక కాబట్టి పైన పరుచుకోని ఉంటయి, ఉప్పు నీళ్లు కింద ఉంటయి, నీ ఓడ అడుగు మాత్రం కింది నీళ్లల ఉంది. అందుకే మూత ఉన్న శాంపిల్ డబ్బాను తాడుతోని దించి, డ్రాఫ్ట్‌ల వేరువేరు లోతుల నుంచి, ముందు, నడుమ, ఎనక మూడు తానల తీయాలె. ఓడ లకెల్లి నీళ్లు బయటికి పోసే పైపుల దగ్గర తీయొద్దు. జెట్టీకీ ఓడకూ మధ్య సందుల కదలకుంట నిలిచిన నీళ్లు కూడా వద్దు.

గాజు హైడ్రోమీటర్‌ను ముందు కడిగి తుడువు, నూనె చేతులతోని కాడ పట్టుకుంటే నీళ్లు దానికి సరిగ్గ అంటవు. నీళ్లల మెల్లగ వదిలి చిన్నగ తిప్పు, అంటుకున్న గాలి బుడగలు ఊడుతయి. కన్ను నీటి మట్టానికి కొంచెం కిందికి పెట్టి మెల్లగ లేపుకుంట రా, నీటి అంచు కోడిగుడ్డు ఆకారం నుంచి సన్నగై ఒక్క గీత అయిన తాన రీడింగ్ తీయాలె. కాడ చుట్టు పైకి ఎక్కిన నీళ్ల అంచు మీద చదివితే తప్పు. శాంపిల్ తెచ్చిన ఎంబడే చూడాలె, డెక్ మీద ఎండల పెట్టి చాయ తాగి వచ్చినంక చూస్తే అది డాక్ నీళ్ల డెన్సిటీ కాదు, వేడెక్కిన బకెట్ డెన్సిటీ.

లోడింగ్ అయిపోవచ్చినప్పుడు మళ్లొకసారి తీయాలె. హల్దియా, కోల్‌కతా దిక్కు ఆటుపోటుకు, వానకాలానికి డెన్సిటీ మారుతనే ఉంటది. పొద్దున తీసిన అంకె సాయంత్రానికి నమ్మొద్దు.

మంచి నీళ్లంటే 1.000 కదా, పనామా కాలువల 0.9954 అంటరేంది?

వేడి. 1.000 అన్నది చల్లటి మంచి నీళ్లకు, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. పనామా కాలువల ఓడలు దాటే గతున్ సరస్సు మంచి నీళ్లది, పైగా ఎప్పుడూ ఎచ్చగ ఉంటది, అందుకే అక్కడి డ్రాఫ్ట్ లెక్కలకు 0.9954 పెట్టుకున్నరు. ఇట్లాంటి తాన 1.000 వేసి కట్టినవంటే ఓడ నువ్వనుకున్నదాని కన్నా ఇంకొంచెం ఎక్కువ దిగుతది.

ఓడ పక్కకు టీఎఫ్, ఎఫ్, టీ, ఎస్, డబ్ల్యూ అని మెట్ల లెక్క ఉన్న గీతలేంది?

ఏ నీళ్లల, ఏ కాలంల, ఎంత దాకా ముంచొచ్చో చెప్పే గీతలు. టీఎఫ్ ట్రాపికల్ మంచి నీళ్లకు, ఎఫ్ మంచి నీళ్లకు, టీ ట్రాపికల్, ఎస్ సమ్మర్, డబ్ల్యూ వింటర్, చిన్న ఓడలకు డబ్ల్యూఎన్ఏ అని ఉత్తర అట్లాంటిక్ చలికాలానికి ఇంకోటి కింద ఉంటది. పక్కన ఉన్న గుండ్రం మధ్యల నుంచి పోయే గీత సమ్మర్ గీత మట్టంలనే ఉంటది. టీ గీత ఎస్ కన్నా సమ్మర్ డ్రాఫ్ట్‌ల 48వ వంతు పైన, డబ్ల్యూ అంతే కింద. సమ్మర్ డ్రాఫ్ట్ 9.6 మీటర్లైతే అటు 20 సెంటీమీటర్లు, ఇటు 20. ఈ గుండ్రానికి ప్లిమ్‌సాల్ పేరు ఊరికే రాలె, ఓడలల్ల అడ్డగోలు లోడింగ్ మీద ఆయన బ్రిటిష్ పార్లమెంట్‌ల కొట్లాడితే 1876 చట్టంల గీత తప్పనిసరైంది.

నీళ్లు మారితే ట్రిమ్ (ముందు డ్రాఫ్ట్‌కూ ఎనక డ్రాఫ్ట్‌కూ తేడా) కూడా మారుతదా?

కొంచెం మారుతది. మంచి నీళ్లలకు వచ్చి దిగినప్పుడు కొత్తగ మునిగిన పొర మధ్యబిందువు ఎల్‌సీఎఫ్ (నీటి గీత విస్తీర్ణం మధ్యబిందువు) దగ్గర ఉంటది, కాబట్టి బీ (మునిగిన భాగం మధ్యబిందువు) ఆ దిక్కుకు జరుగుతది, జీ (ఓడ బరువు బిందువు) మాత్రం ఉన్న తాననే ఉంటది. నిండు లోడు మీద ఎల్‌సీఎఫ్ సాధారణంగ బీ కి ఎనక ఉంటది, అందుకే ఓడ కొంచెం మూతి దిక్కు వంగుతది. లెక్కల ట్రిమ్ అడగకపోతే దీన్ని ముట్టుకోకు.

## జీఎం దగ్గర

కే, బీ, జీ, ఎం నాలుగు అక్షరాలు పెట్టి తికమక చేస్తరు, ఏది ఏంది?

కే అంటే ఓడ అడుగు. బీ అంటే మునిగిన భాగం మధ్యబిందువు, నీళ్లు పైకి నెట్టేది అక్కడ నుంచే. జీ అంటే మొత్తం బరువు కిందికి లాగే బిందువు. ఎం అంటే ఓడ కొంచెం ఒరిగినప్పుడు కొత్త బీ నుంచి నిలువుగ గీసిన గీత నడిమి గీతను కోసే తాన. జీ ఎం కన్నా కింద ఉంటే ఓడ లేచి నిలబడుతది, పైన ఉంటే ఒరుగుతది. బీ, ఎం రెండూ ఓడ ఆకారం, డ్రాఫ్ట్ చెప్తయి. జీ మాత్రం నువ్వు సరుకు ఎక్కడ పెట్టినవో అది చెప్తది.

రెండు అక్షరాలు కలిపి రాస్తే ఆ రెండు బిందువుల మధ్య ఎత్తు: కేబీ, బీఎం, కేజీ, జీఎం అన్నీ అట్లనే. 20 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల డ్రాఫ్ట్ ఉన్న పెట్టె ఓడకు కేబీ సగం డ్రాఫ్ట్, అంటే 3. బీఎం = వెడల్పు వర్గం ÷ (12 × డ్రాఫ్ట్) = 400 ÷ 72 = 5.556. కేఎం 8.556. కేజీ 7 మీటర్లైతే జీఎం 1.556. వెడల్పు వర్గంల ఉంది చూడు, అందుకే సన్నటి పొడుగు ఓడకన్నా వెడల్పు ఓడ గట్టిగ నిలుస్తది.

నీళ్ల డెన్సిటీ మారితే జీఎం మారుతదా మారదా? ఒకలు మారుతది అంటరు, ఒకలు మారదంటరు.

మారుతది, డ్రాఫ్ట్ మారబట్టి. సముద్రంల 6 మీటర్లున్న 20 మీటర్ల వెడల్పు పెట్టె ఓడ మంచి నీళ్లలకు వస్తే డ్రాఫ్ట్ 6.15. కేబీ 3.075, బీఎం 400 ÷ 73.8 = 5.420, కేఎం 8.495. కేజీ 7 అట్లనే ఉంది, ఎందుకంటే లోపల ఏదీ కదలలే. జీఎం 1.495. సముద్రంల 1.556 ఉండె, అంటే 6 సెంటీమీటర్లు తగ్గింది. అన్ని ఓడలకూ తగ్గుతదని మాత్రం రాయకు, డ్రాఫ్ట్ పెరిగితే కేఎం పెరిగే దశల కొన్ని ఉంటయి, ఆ ఓడ హైడ్రోస్టాటిక్ టేబుల్ (ఒక్కో డ్రాఫ్ట్‌కు కేఎం లాంటి అంకెలు ఇచ్చే పట్టిక) ఏం చెప్తే అదే. మారదు అనేటోళ్లు జీ గురించి అంటున్నరు, వాళ్ల మాట అంత వరకు నిజమే.

జీఎం ఎంత ఎక్కువుంటే అంత మంచిదే కదా?

కాదు. ఎక్కువుంటే ఓడ గుంజి గుంజి లేస్తది, డెక్ మీద కట్టిన సరుకు తెంపుకుంటది, మనుషులు నిలబడలేరు. ఊగే టైము సుమారుగ 0.8 × వెడల్పు ÷ జీఎం వర్గమూలం. 20 మీటర్ల ఓడకు జీఎం 4 ఉంటే ఒక్క ఊపు 8 సెకండ్లు. జీఎం 1 ఉంటే 16 సెకండ్లు, మెల్లగ, తాపీగ.

మరీ తక్కువైతే ఇంకా ప్రమాదం. 2008 ఇంటాక్ట్ స్టెబిలిటీ కోడ్ ప్రకారం సరుకు ఓడకు మామూలుగ కనీసం 0.15 మీటర్లు, ధాన్యం ఓడకు గ్రెయిన్ కోడ్ ప్రకారం 0.30 మీటర్లు ఉండాలె. ఇవి ఆఖరి హద్దులు, టార్గెట్లు కావు. జీఎం ఒక్కటే చూసి వదిలేస్తే కూడా కుదరదు, జీజెడ్ కర్వ్ (ఒరిగిన ఓడను తిరిగి లేపే దూరం, ఒరిగిన కోణం ప్రకారం గీసిన గీత) కింద వైశాల్యం 30 డిగ్రీల దాకా 0.055, 40 దాకా 0.09 మీటర్ రేడియన్లు దాటాలె. పైన బరువెక్కువైతే ఏమైతదో చూడాలంటే 1628 ఆగస్టు 10న స్టాక్‌హోంల మునిగిన వాసా ఓడ ఉంది, మొదటి ప్రయాణంల కిలోమీటరున్నర కూడా పోలె, ఇంత గాలికే ఒరిగి ఫిరంగుల కిటికీలల్ల నుంచి నీళ్లు ఎక్కినయి.

క్రేన్ తోని బరువు ఇంకా ఇంచంతే లేపినం, అప్పుడే జీ ఎందుకు మారుతది?

వేలాడే బరువు ఓడకు తగిలేది క్రేన్ కొస దగ్గర కాబట్టి. తాడు పొడుగున్నా పొట్టిగున్నా లెక్క ఒక్కటే. 12,300 టన్నుల ఓడల, అడుగు నుంచి 2 మీటర్ల ఎత్తున ఉన్న 60 టన్నుల యంత్రాన్ని, 32 మీటర్ల ఎత్తున ఉన్న క్రేన్ కొస లేపింది. జీ లేచేది 60 × 30 ÷ 12,300 = 0.146 మీటర్లు, అది నేల నుంచి లేచిన క్షణంలనే. జీఎం ముందే తక్కువున్న ఓడల ఈ పదిహేను సెంటీమీటర్లే కొంప ముంచుతయి.

ట్యాంకుల కొన్నే నీళ్లుంటే ఫ్రీ సర్ఫేస్ (సగం నిండిన ట్యాంకుల నీళ్లు అటూ ఇటూ ఊగి జీఎం తగ్గియ్యడం) తక్కువ ఉంటది కదా?

నీళ్లెన్ని అన్నది కాదు, ఆ నీళ్ల పైభాగం ఎంత వెడల్పున్నది అన్నదే ముఖ్యం. ఫార్ములా: పొడవు × వెడల్పు ఘనం × ట్యాంకు ద్రవం డెన్సిటీ ÷ (12 × డిస్‌ప్లేస్‌మెంట్). 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ట్యాంకుల ఉప్పు నీళ్లు సగం ఉన్నయి, ఓడ 12,300 టన్నులు. 20 × 1000 × 1.025 ÷ (12 × 12,300) = 0.139 మీటర్లు. జీఎం ల నుంచి ఇంత తీసేయాలె. అదే ట్యాంకుకు నిలువుగ మధ్యల గోడ పెడితే ఒక్కో అర 5 మీటర్లు, రెండూ కలిపినా 0.035 మీటర్లే, అంటే నాలుగో వంతు. డెన్సిటీ తాన బయటి నీళ్లది వేయొద్దు, ట్యాంకుల ఏముంటే దానిది వేయాలె. ట్యాంకు పూర్తిగ నింపినా, పూర్తిగ ఖాళీ చేసినా ఈ కోత ఉండదు.

ఓడ ఒక పక్కకు ఒరిగింది, ఎదురు పక్క ట్యాంకు నింపితే సరి కదా?

ఎందుకు ఒరిగిందో తెల్వకుంట ఆ పని చేయకు. బరువు ఒక పక్కకు ఎక్కువై ఒరిగితే అది లిస్ట్, అప్పుడు ఎదురు పక్క నింపొచ్చు. ఎంత ఒరుగుతది అన్నది బరువు × దూరం ÷ (డిస్‌ప్లేస్‌మెంట్ × జీఎం), దానికి టాన్ ఇన్వర్స్. 100 టన్నులు 8 మీటర్లు జరిగితే, 12,300 టన్నులు, జీఎం 1.5 ఉన్న ఓడ సుమారు రెండున్నర డిగ్రీలు ఒరుగుతది.

జీఎం మైనస్‌ల పడి ఒరిగితే అది లాల్. ఇట్లైతే ఓడ ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క పడుతది. ఇప్పుడు పై పక్క ట్యాంకు నింపినవంటే అది ఉన్నట్టుండి అటు దిక్కు పడి, ఆ ఊపుల ఇంకా లోతుగ ఒరిగి బోల్తా పడే ప్రమాదం. కిందికి వంగిన పక్క డబుల్ బాటమ్ (ఓడ అడుగున ఉండే) ట్యాంకు ముందు నింపాలె, ఒక్కసారి ఒక్క ట్యాంకే, చిన్నదీ విడివిడి అరలున్నదీ చూసుకోని. చూసేటోళ్లకు ఇది ఉల్టా పని లెక్క కనపడుతది, సెకండ్ మేట్ (ఓడ ఆఫీసర్) పరీక్ష ఓరల్స్‌ల అడిగేది కూడా అందుకే.

## ఓడ ఎక్కినంక, పరీక్షల

కంప్యూటర్ అన్నీ కట్టి ఇస్తది, చేత్తో ఎందుకు?

కంప్యూటర్‌కు డెన్సిటీ, ట్యాంకుల సౌండింగ్ (లోపల ద్రవం ఎంత లోతు ఉందన్న కొలత) ఇచ్చేది నువ్వే. 1.010 తాన 1.025 వదిలేస్తే అది ఏం అనకుంట తప్పు జవాబే అందంగ చూపెడుతది. ఉజ్జాయింపుగ చేత్తో కట్టుకున్నోనికి అంకె తేడా ఎంబడే కండ్లవడుతది.

డ్రాఫ్ట్ సర్వే (డ్రాఫ్ట్ చదివి సరుకు బరువు కట్టడం)ల డెన్సిటీ 0.001 అటిటైతే ఏమైతది, అంత పట్టించుకోవాల్నా?

40,000 టన్నుల డిస్‌ప్లేస్‌మెంట్‌కు 0.001 తేడా అంటే 39 టన్నులు. బొగ్గో ఖనిజమో అమ్మేటోనికి, కొనేటోనికి మధ్య అది పైసల లొల్లి. డ్రాఫ్ట్ సర్వేల ఆరు తానల డ్రాఫ్ట్ చదివి, ముందు ఒకటి, ఎనక ఒకటి, నడిమిది ఆరింతలు కలిపి ఎనిమిదితోని భాగిస్తరు, ఓడ నడుమ వంగిన లెక్క అందుల వస్తది. టేబుల్ 1.025 కి ఉంటది, కాబట్టి వచ్చిన డిస్‌ప్లేస్‌మెంట్‌ను చూసిన డెన్సిటీతోని గుణించి 1.025 తోని భాగించాలె. అలలుంటే డ్రాఫ్ట్ సెంటీమీటర్ల దాకా చదవడమే కష్టం, డెన్సిటీ అయితే చేతులనే ఉన్న పని, దాన్ని ఆగం చేసుకోవద్దు.

పరీక్షల మార్కులు ఎక్కువ ఎక్కడ పోతయి?

డాక్‌ల టీపీసీ మార్చకపోవడం, మిల్లీమీటర్లను సెంటీమీటర్లనుకోవడం, ఫ్రీ సర్ఫేస్ కోత మరిచిపోవడం, దించిన బరువుకు మైనస్ పెట్టకపోవడం. మొమెంట్లను టేబుల్ గీసి రాస్తే సగం తప్పులు ఆడనే కనపడుతయి. ఆఖరికి వచ్చిన జవాబు ఓడకు కుదిరేదేనా చూడు: 6 మీటర్ల డ్రాఫ్ట్ ఓడకు 2 మీటర్ల డాక్ వాటర్ అలవెన్స్ రాసి ఇచ్చినోళ్లున్నరు.

ఇంట్ల ఉండి ఎట్ల ప్రాక్టీస్ చేయాలె?

నిటారు గోడల ప్లాస్టిక్ సీసా తీసుకోని అడుగున ఇసుక పోసి, బకెట్ల మంచి నీళ్లల 16 సెంటీమీటర్లు మునిగేటట్టు చేసి మార్కర్‌తోని గీత పెట్టు. ఇంకో బకెట్ల లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పు కరిగించి అందుల వదులు. గీత సుమారు 4 మిల్లీమీటర్లు నీళ్ల పైకి తేలుతది. ఇసుక గింజ కూడా తీయలే, పోయలే కదా. ఇప్పుడు గీత మళ్లీ నీటి మట్టానికి రావాలంటే ఎంత ఇసుక పోయాలెనో ముందు కాయితం మీద కట్టి, తూకం వేసి పోసి చూడు.